తెలుగు ముద్రణమున అక్షరలోపములు: కంప్యూటరు కూర్పున కారణనిర్ణయము

పూర్వము తెలుగు పుస్తకములను సీసపు అక్షరములతో కూర్చెడివారు. కంపోజిటరు గడిలోనుండి తీసినది అక్షరము యొక్క ఆకృతియే గాని వేరొకటి కాదు. వత్తు మారినను, అక్షరము తలక్రిందైనను ప్రూఫున కంటికి కనబడెడిది. దానిని దిద్దినచో పని ముగిసెడిది. నేడు కూర్పు కంప్యూటరుపై జరుగుచున్నది. ఇందు కనబడు ఆకృతి వెనుక కనబడని సంకేతమొకటి కలదు. దోషము ఆకృతియందున్నదో సంకేతమందున్నదో విచారింపక దిద్దుటచే మంచి పాఠము సయితము చెడుచున్నది. సిద్ధాంతవ్యాసములను, పరిష్కృత గ్రంథములను అచ్చునకు సిద్ధపరచువారికి ఈ భేదము తెలిసియుండుట అవసరము.

స్వానుభవము నొకదానిని ముందుగా చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట అర్ధానుస్వారమును గూర్చి యొక వ్యాసము వ్రాసి అచ్చునకు పంపితిని. కూర్పు చేసినవారి తెరపై అరసున్న యుండవలసిన ప్రతిచోటను ఒక చిన్న చతురస్రము కనబడెను. వారు వానిని అనవసరపు గుర్తులుగా తలచి అన్నిటిని ఒక్కసారిగా తొలగించిరి. ప్రూఫును త్వరత్వరగా చూచిన నేనును గమనింపనైతిని. ‘ఏడు’ అనగా సంఖ్య, ‘ఏఁడు’ అనగా సంవత్సరము అని నేను వ్రాసిన వాక్యము రెండుచోట్లను ‘ఏడు’ అనియే వెలువడెను. వాస్తవమునకు సంకేతము సరిగానే యుండెను. వారు వాడిన ఫాంటులో అరసున్నకు ఆకృతి లేదు, అంతియే. ఫాంటును మార్చియుండినచో సరిపోయెడిది.

కంప్యూటరుపై అక్షరము నాలుగు దశలను దాటి కాగితమును చేరును. మొదటిది సంకేతము. రెండవది ఆ సంకేతమునకు ఆకృతి నొసగు ఫాంటు. మూడవది ఏ ఆకృతి ఎచ్చట నిలువవలెనో నిర్ణయించు కూర్పు సాఫ్ట్‌వేరు. నాల్గవది ముద్రణాలయమునకు పంపెడి పి.డి.ఎఫ్. ప్రతి. లోపము ఏ దశయందు పుట్టినదో తేల్చినపిదపనే చికిత్సకు పూనుకొనవలెను.

1. సంకేతము

లోపలక్షణమే తరచుగా దాని కారణమును తెలుపును. చతురస్రము కనబడినచో ఫాంటున ఆ ఆకృతి లేదని యర్థము, పాఠమును తాకరాదు. చుక్కలతో కూడిన వలయము కనబడినచో గుణింతపు గుర్తు తగిన హల్లు లేక ఒంటరిగా పడినదని గ్రహించి సంకేతముల వరుసను సరిచూడవలెను. ప్రశ్నార్థకములు వరుసగా కనబడినచో యూనికోడు నెరుగని పద్ధతిలో ఫైలు భద్రపరుపబడినదన్నమాట. అట్టిచోట మూలసంకేతము నశించినది గావున ఫాంటు మార్చినను ఫలము లేదు. మాతృకను మరల తెప్పించుకొనవలెను.

రోమను అక్షరముల గందరగోళము కనబడుట మరియొక లక్షణము. యూనికోడు మొదటి సంపుటము 1991 లో వెలువడినను తెలుగు అచ్చుపని చాలకాలము వేరు త్రోవను నడచెను. అను మొదలగు ఫాంటులు తెలుగు ఆకృతులను రోమను అక్షరముల స్థానములందుంచినవి. 2001 నాటి పేజ్‌మేకర్ 7 యూనికోడు నెరుగదు. ఆ సాఫ్ట్‌వేరునకు అదియే తుది రూపము. అట్టి ఫైలు ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో తెలుగు కనబడదు. దానిని పరివర్తకముతో యూనికోడులోనికి మార్చుకొనవచ్చును. మార్చినపిదప అరసున్న, శకటరేఫము, ఋకారము, సంయుక్తాక్షరములు, విరామచిహ్నములు అనువానిని మాతృకతో పోల్చి చూడవలెను.

కనబడని సంకేతములును కలవు. ‘సాఫ్ట్‌వేర్’ అను పదమున టకారపు పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనునది యుండును. అది లోపించినచో ‘సాఫ్ట్వేర్’ అని వకారము వత్తుగా మారును. పాఠమును శుభ్రపరచు నెపమున కనబడని గుర్తుల నన్నిటిని తొలగించుట ఇందుచే ప్రమాదకరము. ప్రాచీనపాఠములకు వలపలగిలక కావలెనన్నచో రకారము, పొల్లు వ్రాసి, జీరో విడ్త్ జాయినరును చేర్చి, పిదప హల్లును వ్రాయవలెను. ఫాంటునందును దాని ఆకృతి యుండవలెను.

2. కూర్పు

సాధారణ టెక్స్ట్ ఎడిటరులో అతికించినప్పుడు చక్కగా కనబడిన పాఠము కూర్పు సాఫ్ట్‌వేరులో మాత్రము చెడుచున్నదనుకొందము. వత్తులు విడివడి, పొల్లులు బయటపడినచో దోషము మూడవ దశయందున్నది. ఇన్‌డిజైన్ 2012 నాటి సి.ఎస్. 6 నుండి తెలుగును ఎరుగును. కాని పేరాగ్రాఫునకు వరల్డ్ రెడీ కంపోజరును ఎన్నుకొనవలెను. పేరాగ్రాఫు స్టైలులోనే ఆ మార్పు చేసినచో గ్రంథమంతటికి వర్తించును. ఉచితముగా లభించు స్క్రైబస్ వాడువారు 2024 జనవరిలో వెలువడిన 1.6 గాని తరువాతి రూపమును గాని తీసికొనవలెను. పూర్వపు స్థిరరూపములకు సంయుక్తాక్షరములను కూర్చు శక్తి లేదు.

పంక్తుల ఎడము వేరొక సమస్య. సాఫ్ట్‌వేరు తనంతట ఇచ్చెడి ఎడము సాధారణముగా అక్షరప్రమాణమునకు 120 శాతము. రోమను లిపికిది చాలును. తెలుగున పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. 12 పాయింట్ల అక్షరమునకు 17 లేక 18 పాయింట్ల ఎడమునిచ్చుట మేలు.

3. రేఖాచిత్రములు

మాండలిక పటములు, వంశవృక్షములు మొదలగువానిని ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ వంటి వానితో గీయుదురు. చిత్రమును వేరు యంత్రమున తెరచినప్పుడు ఫాంటు లేనిచో మరియొక ఫాంటు వచ్చి చేరును. ఊరిపేర్లు ఒకదానిపై నొకటి పడును. ఇందుకై అక్షరములను రేఖలుగా మార్చి పంపుట వాడుక. అట్లు మార్చినపిదప అక్షరదోషమును దిద్దుటకు గాని, పదమును వెదకుటకు గాని వీలులేదు. కావున మార్చని ప్రతిని ముందుగా వేరుగా దాచవలెను. కోరల్‌డ్రాలో అట్టి రేఖలను కంబైన్ చేసినచో వత్తు అక్షరముపై పడినచోట తెల్లని రంధ్రమేర్పడును. అచ్చట వెల్డ్ అనుదానిని వాడవలెను.

ఇంక్‌స్కేప్ 0.92 రూపమున, అనగా 2017 లో, అంగుళమునకు 90 గా నున్న కొలత 96 గా మారెను. అంతకుముందు గీసిన పటము తెరచినప్పుడు పరిమాణము మారినచో కారణమిదియే కావచ్చును. ఒక పాయింటు మందముగల గీతను నాల్గవవంతునకు కుదించినచో పావుపాయింటగును. అంతకు సన్నని గీత అచ్చులో నిలుచునన్న నమ్మకము లేదు.

తాళపత్రముల ఛాయాచిత్రములకు అచ్చుపరిమాణమున అంగుళమునకు 300 బిందువులుండవలెను. 1200 బిందువుల వెడల్పుగల చిత్రము 4 అంగుళములకు సరిపోవును. 8 అంగుళములకు సాగదీసినచో 150 మాత్రమే మిగిలి అక్షరములు అలికినట్లుండును.

4. పి.డి.ఎఫ్. ప్రతి

తెరకు సంబంధించిన మూడువర్ణముల పద్ధతిలోని నలుపు అచ్చున నాలుగు సిరాల మిశ్రమముగా మారవచ్చును. అచ్చులో అవి రవంత తొలగినను చిన్న వత్తులకు నీడలు పడును. పాఠము నల్లసిరా ఒక్కదానితోనే యుండవలెను. ఫాంటులన్నియు ప్రతిలో పొందుపరుపబడినవో లేదో దాని డాక్యుమెంట్ ప్రాపర్టీసులో చూడవచ్చును. అయినను పి.డి.ఎఫ్. నుండి తెలుగును మరల నకలు చేసిన అక్షరక్రమము తరచుగా తారుమారగును. ఏలయన అందు ప్రధానముగా నిలుచునది ఆకృతియే. దానిని మాతృకగా భావింపరాదు.

కావున ప్రతి పరిశోధకుడును యూనికోడు మాతృకను, మార్పునకు వీలైన కూర్పుఫైలును, వాడిన ఫాంటులను ఒక్కచోట భద్రపరచుకొనవలెను. తుది ప్రూఫును తెరపైగాక కాగితముపై మాతృకతో పోల్చి చదువవలెను. చతురస్రము కనబడినచో దానిని తొలగింపక, అచ్చట ఏ యక్షరముండెనో విచారింపవలెను. నేనాపని చేయనందుననే నా వ్యాసమున సంఖ్యయు సంవత్సరమును ఒక్కటై పోయినవి. చదివినవారు ఆ పొరపాటును నాదిగానే యెంచిరి.