ఇంటిలోని కలబందకు ఎంత ఎండ కావలెను?

సూర్యకాంతి కోణాన్ని గూర్చి పాఠం చెప్పే కట్టడం ఒకటి మన శ్రీకాకుళంలోనే ఉన్నది. అది అరసవల్లి సూర్యదేవాలయం. ఏటా మార్చి రెండవ వారంలోను, అక్టోబరు తొలి దినాలలోను ఉదయకిరణాలు ద్వారాల గుండా సాగివచ్చి గర్భాలయంలోని మూర్తి పాదాలను తాకుతాయి. ఈ రెండు వేళలకు నడుమ ఏడు నెలల వ్యవధి ఉన్నప్పటికీ, సూర్యుడు ఉదయించే చోటు రెండింటిలోను ఇంచుమించు ఒక్కటే. అది తూర్పునకు కొంచెం దక్షిణంగా ఉంటుంది. తక్కిన కాలంలో ద్వారం అదే, సూర్యుడూ అతడే. కాని కిరణం అచ్చటికి చేరదు.

మన ఇంటి కిటికీ కూడ ఇట్టిదే. జనవరిలో ఎండ పడిన చోట జూన్‌లో నీడ పడుతుంది. కుండీని ఒకచోట పెట్టి, ఏడాది పొడుగునా అచ్చటనే ఉంచేవారు ఈ సంగతిని మరచిపోతారు. కలబంద, రణపాల, నాగజెముడు వంటి రసభరితమైన మొక్కలు ఇండ్లలో చెడిపోవడానికి ఈ మరపు ఒక ముఖ్య కారణం. “ఎడారి మొక్క కదా, ఎంత ఎండయినా ఓర్చుకొనును” అని కొందరు, “ఇంటి మొక్క కదా, ఎండ అక్కరలేదు” అని మరికొందరు అనుకొంటారు. రెండును పొరపాటే.

ఈ మొక్కల జీవనవిధానం మిగిలిన మొక్కలకు భిన్నమైనది. ఆ భేదాన్ని తొలినాళ్లలో గుర్తించినవారిలో ఒకడు మన తెలుగుదేశంతో సంబంధం కలవాడు. బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1790 ప్రాంతాలలో ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోట వృక్షోద్యానాన్ని చూచుకొన్నాడు. రణపాల ఆకు ఉదయం నోట వేసుకొంటే పుల్లగాను, మధ్యాహ్నానికి చప్పగాను, సాయంకాలానికి కొంత చేదుగాను ఉన్నదని అతడు గమనించాడు. ఆ విషయమై అతడు వ్రాసిన లేఖ 1815లో లండనులోని లిన్నేయన్ సొసైటీ సంచికలో అచ్చయినది.

ఈ పులుపునకు కారణాన్ని తరువాతి శాస్త్రజ్ఞులు విశదపరచారు. సాధారణ వృక్షాలు పగటివేళ పత్రరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. రణపాల, కలబంద మొదలైనవి పగలు వాటిని మూసివేసి నీటిని దాచుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తాయి. రాత్రి గ్రహించిన వాయువు మాలిక్ ఆమ్లంగా ఆకులో నిలువ ఉంటుంది. అదే ఉదయపు పులుపు. మరునాడు సూర్యకాంతి సాయంతో ఆ నిలువ కరిగి చక్కెరగా మారుతుంది. అనగా మొక్కకు రాత్రి సంపాదన, పగలు వంట. పగటి వెలుగు చాలకపోతే సంపాదించిన సరకు ఉండియు వంట సాగదు. వెలుగు మితిమీరితే పొయ్యి మంటకు వంటిల్లే కాలినట్లవుతుంది.

మరి వెలుగు చాలినదో లేదో తెలిసేదెట్లు? మన కన్ను ఇందుకు నమ్మదగిన సాక్షి కాదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆరుబయట వెలుగు లక్ష లక్సుల వరకు ఉంటుంది. గదిలో కిటికీకి దూరమైన మూలలో అది కొన్ని వందలకు పడిపోవచ్చును. కనుపాప విచ్చుకొని ఆ తేడాను మనకు తెలియనీయదు. కనుక ఒక సులభమైన పరీక్ష చేయవలెను. మధ్యాహ్నం కుండీ ఉన్న చోట తెల్ల కాగితం పరచి, దానికి జానెడు పైన అరచేయి చాపండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే వెలుగు బలమైనది. చేతి ఆకారం తెలిసి అంచులు మసకగా ఉంటే మధ్యరకం. నీడయే పడకుంటే ఆ చోటు ఈ జాతి మొక్కలకు తగదు.

ఇక దిక్కుల విషయం. చలిదేశాలలో వ్రాసిన పుస్తకాలు “దక్షిణపు కిటికీ ఉత్తమం” అని చెబుతాయి. అచ్చట ఏడాది పొడుగునా మధ్యాహ్న సూర్యుడు దక్షిణంగానే ఉంటాడు. కాని మన కళింగపట్నం ఉత్తర అక్షాంశం 18 డిగ్రీలు దాటి కొద్ది దూరంలోనే ఉన్నది. డిసెంబరు 22 ప్రాంతాన మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు చూరు అడ్డులేని దక్షిణపు కిటికీ పైఅంచు ఏడడుగుల ఎత్తున ఉంటే, ఎండ గదిలోనికి ఆరడుగుల దాక ప్రాకుతుంది. మే రెండవ వారంలో సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. అప్పటినుండి జూలై చివరి వరకు మధ్యాహ్నవేళ అతడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఆ రెండున్నర నెలలు దక్షిణపు కిటికీకి నేరుటెండ దాదాపు లేనట్లే.

కాబట్టి మన ఊరిలో అన్నిటికంటె నమ్మదగినది తూర్పు కిటికీ. సముద్రం మీదుగా వచ్చే ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలి, తరువాత రోజంతా మంచి వెలుతురు ఉంటే కలబందకు చాలును. దక్షిణపు కిటికీ అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు మేలు. పడమటి కిటికీ ఎండ వేసవిలో తీక్షణం. పలుచని తెర వేయవలెను. ఉత్తరపు కిటికీ చలికాలంలో పనికిరాదు. మరొక స్థానిక విషయం కూడ గుర్తుంచుకోవలెను: సముద్రపు గాలి కిటికీ అద్దాలపైన, ఆకులపైన ఉప్పుపొరను పేరుస్తుంది. అది వెలుగును అడ్డగిస్తుంది. అద్దాన్ని తుడిచి, ఆకులను అప్పుడప్పుడు మంచినీటితో కడగడం మంచిది.

మొక్క తన అవస్థను తానే చెబుతుంది. వెలుగు చాలనప్పుడు కాండం సన్నగా సాగి, ఆకుల నడుమ ఎడం పెరిగి, మొక్క కిటికీవైపు వంగుతుంది. అట్లు సాగిన భాగం మరల పొట్టిది కాదు. ఎండ ఎక్కువైతే ఆకుపై తెల్లని, పిదప గోధుమరంగు మచ్చలు పడతాయి, అవియు మాయవు. ఆకు కొంచెం ఎర్రబారితే మాత్రం భయపడనక్కరలేదు. తీవ్రమైన వెలుగునుండి కాపాడుకొనుటకు మొక్క కూర్చుకొన్న రంగు అది. సాధారణంగా ముండ్లు గాని, బూడిదవంటి తెల్లని పూత గాని కలవి ఎక్కువ ఎండకు ఓర్చుకొంటాయి. మెత్తని పచ్చని ఆకులు కలవి తక్కువకు.

నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టరాదు. మొదట రోజుకు ఒక గంట ఉదయపు ఎండ చూపి, రెండు వారాలలో క్రమంగా పెంచవలెను. వారానికొకసారి కుండీని పావువంతు త్రిప్పితే మొక్క ఒకవైపే ఒరగదు. వెలుగు తగ్గినప్పుడు నీరు కూడ తగ్గించవలెను. వానాకాలపు మబ్బులలో వేసవి లెక్కన నీరు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. ఇట్లు చచ్చిన మొక్కలు ఎండకు చచ్చినవాటికంటె తక్కువేమీ కావు.

విద్యార్థులు హైన్ పరీక్షను నేడు నోటితో గాక, రసాయనశాల కాగితంతో చేయవచ్చును. ఒకే రణపాల మొక్కనుండి తెల్లవారగనే ఒక ఆకును, సాయంకాలం మరొక ఆకును కోసి, వాటి రసాల ఆమ్లతను పి.హెచ్. కాగితంపై పోల్చి చూడండి. ఎండలో ఉన్న మొక్కకును, చీకటి మూలలోని మొక్కకును గల తేడాను కూడ నమోదు చేయండి. కలబందకు సంస్కృతంలో కుమారి అని పేరు. అరబ్బీలో దాని పేరు, ఓర్పునకు వాడే ‘సబ్ర్’ అను మాట ఒకే ధాతువునుండి పుట్టినవి. ఆ పేరు దానికి తగినదే. అయితే ఓర్చుకొనే మొక్క అని దానిని చీకటి మూలకు త్రోయడం న్యాయం కాదు. దాని ఓర్పు రాత్రి సంపాదనపైన, పగటి వెలుగుపైన నిలిచి ఉన్నది. ఆ వెలుగును ఋతువునుబట్టి చూపడం మన పని.