కుళాయి నీటికి వెల కట్టుట ఎట్లు?

వాన నీటికి వెల లేదు. ఏటి నీటికి వెల లేదు. అట్టి నీటికి పురపాలక సంఘమువారు రుసుము అడుగగానే “నీళ్ళకు కూడ డబ్బా?” అని విసుగుకొనువారు కలరు. నిజమునకు సంఘమువారు నీటిని అమ్ముట లేదు. నీటిని ఎత్తుట, వడగట్టుట, అందలి క్రిములను చంపుట, ఇంటింటికి చేర్చుట, వాడిన పిదప మురుగును ఊరి వెలుపలికి మోసికొనిపోయి శుద్ధి చేయుట - వెల ఈ పనులకు.

ఎత్తుట సంగతి మొదట చూతము. 1,000 లీటర్ల నీరు, అనగా ఒక కిలోలీటరు, 1,000 కిలోగ్రాములు తూగును. దానిని 50 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు 1,000 × 9.8 × 50 = 4,90,000 జౌళ్ళ పని జరుగవలెను. ఒక యూనిట్ విద్యుత్తు 36,00,000 జౌళ్ళకు సమానము. కావున 0.136 యూనిట్ చాలునని తోచును. కాని పంపు, మోటారు కలిసి విద్యుచ్ఛక్తిలో నూటికి 60 పాళ్ళు మాత్రమే నీటికి అందించినచో, ఖర్చు సుమారు 0.23 యూనిట్ అగును. గొట్టములలోని రాపిడికి పోవునది దీనికి అదనము.

ఈ ఖర్చు నీరు వాడిన కొలది పెరుగును. గొట్టములు, ట్యాంకులు, వడపోత తొట్లు, ఉద్యోగుల జీతములు, అప్పులపై వడ్డీ - వీని ఖర్చు అట్లు కాదు. ఎవరు ఎంత వాడినను, అసలు వాడకున్నను అది తప్పదు. ఒక ఊరిలో 10,000 ఇండ్లున్నవనియు, ఇట్టి స్థిరవ్యయము ఏటికి 2 కోట్ల రూపాయలనియు అనుకొందము. ఇంటికి 2,000 రూపాయలు పడును. ఇండ్లలో సగము ఖాళీ అయినచో? గొట్టములు సగము కావు. ఉన్నవారి వంతు 4,000 అగును.

ఇది వట్టి లెక్క కాదు. అమెరికాలో, మిచిగన్ రాష్ట్రమున ఫ్లింట్ అను మోటారుకార్ల పట్టణము కలదు. 1960లో అక్కడ 1,96,940 మంది ఉండిరి. కార్ఖానాలు మూతపడగా 2010 నాటికి 1,02,434 మంది మిగిలిరి. మునుపటి జనమునకై వేసిన గొట్టముల భారము మిగిలినవారిపై, అందును ఎక్కువగా పేదలపై పడెను. వాడకము తగ్గుటచే పెద్ద గొట్టములలో నీరు ఎక్కువ కాలము నిలిచి, క్రిమిసంహారమునకు కలిపిన క్లోరిన్ క్షీణించు చిక్కు కూడ వచ్చెను. ఊరి పాలన రాష్ట్రము నియమించిన అధికారి చేతిలో ఉండగా, ఖర్చు తగ్గించుటకై 2014 ఏప్రిల్‌లో డిట్రాయిట్ నుండి కొనుచున్న సరస్సు నీటిని మాని, ఫ్లింట్ నది నీటిని వాడసాగిరి. డిట్రాయిట్ నీటిలో ఫాస్ఫేటు కలిపెడివారు. అది సీసపు గొట్టముల లోపల రక్షణపొరగా నిలిచెడిది. క్లోరైడులు హెచ్చుగా గల నది నీటికి దానిని కలుపలేదు. పొర చెడి, సీసము నీటిలో కలిసెను. సీసము పసిపిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. అదే ఏడు అక్టోబరులో ఒక ఇంజన్ల కార్ఖానా, తన లోహభాగములు తుప్పు పట్టుచున్నవని ఆ నీటిని మానివేసెను. ఇనుమునకు దొరికిన విడుదల బిడ్డలకు దొరకుటకు మరియొక ఏడాది పట్టినది: 2015 అక్టోబరులో గాని తిరిగి డిట్రాయిట్ నీరు రాలేదు.

మరి రుసుమును పంచుట ఎట్లు? అందరికి ఒకే మొత్తము విధించినచో, రెండు బిందెలతో సరిపెట్టుకొను ముసలమ్మయు, తోట తడుపుకొను ధనికుడును సమానముగా చెల్లింతురు. వాడిన కిలోలీటర్లను బట్టియే తీసికొన్నచో, వానలు బాగుగా పడి జనము తక్కువ వాడిన ఏట జీతములకు చాలదు. అందుచే పలుచోట్ల కుళాయి గొట్టము పరిమాణమును బట్టి కొంత, మీటరు చూపిన నీటిని బట్టి కొంత వసూలు చేయుదురు. మీటర్లే లేని ఊళ్ళలో ఈ రెండవ భాగమునకు తావు లేదు.

కొందరు తొలి కొన్ని కిలోలీటర్లను ఉచితముగా ఇచ్చి, ఆపైన వాడకముతో పాటు ధర కూడ పెంచుదురు. దక్షిణాఫ్రికా 2001లో ఇంటికి నెలకు 6 కిలోలీటర్లు ఉచితమను విధానము చేపట్టినది. మనిషికి దినమునకు 25 లీటర్ల చొప్పున 8 మందికి 30 దినముల లెక్క అది. పద్ధతి మంచిదే కాని, ఒకే కుళాయిపై 16 మంది బ్రతుకుచోట అది తలక్రిందులగును. తలకు తక్కువ వాడుచున్నను, వారి మీటరు త్వరగా హెచ్చు ధరకు ఎక్కును.

మురుగు లెక్క ఇంకను చిక్కు. చెత్తతో నిండిన ప్రవాహమును ఇంటింట కొలుచుట కష్టము కనుక, వాడిన నీటిలో ఇంత పాలు మురుగు అగునని ఎంచి రుసుము వేయుదురు. తోటకు పోసిన నీరు మురుగు కాలువకు పోదు గదా! అందుకే అమెరికాలో పలు పట్టణములు, తోటలకు నీరు అక్కరలేని శీతకాలపు వాడకమును బట్టి ఏడాది పొడుగునా మురుగు రుసుమును కట్టును. మన ఊళ్ళలో చిక్కు దీనికి తిరుగబడి యుండును. బోరు వేసికొన్న ఇంటి నీరు సంఘము మీటరు గుండ పోదు. మురుగు మాత్రము సంఘము కాలువలోనికే వచ్చును. అట్టి ఇంటికి బోరుకే మీటరు బిగించుటయో, మరుగుదొడ్ల సంఖ్యను బట్టి రుసుము వేయుటయో చేయనిచో, ఆ మురుగును మోయు ఖర్చు పొరుగింటి కుళాయి బిల్లులోనికి చేరును.