అణువుకూ అనుభవం ఉంటుందా?

పచ్చిమిరపకాయ కొరకగానే ఏం జరుగుతుంది? అందులోని క్యాప్సైసిన్ నాలుక మీది నాడుల కొసల్లో ఉండే ఒక ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. ఆ ప్రోటీన్ తెరుచుకోగానే సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వెళ్తాయి. సంకేతం మెదడుకు చేరుతుంది. ఆ ప్రోటీన్‌ను 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది.

అయితే మంట ఎక్కడ? అయాన్లలో లేదు, సంకేతంలోనూ కనిపించదు. ఇదంతా జరుగుతుంటే మనకు ‘మండుతోంది’ అని ఎందుకు తెలియాలి? తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ 1995లో దీన్నే ‘కఠిన సమస్య’ అన్నాడు. చైతన్యాన్ని ద్రవ్యరాశి, విద్యుదావేశాల్లా ప్రకృతి మూలగుణంగా తీసుకుందామని ప్రతిపాదించాడు.

ఎందుకలా అనుకోవాలి? తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1927లోనే ఒక దారి చూపాడు. ఎలక్ట్రాన్ దేన్ని లాగుతుందో, దేన్ని నెడుతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. అంటే దాని నడత చెబుతుంది, అసలు అదేమిటో చెప్పదు. లోపలి నుంచి మనం ఎరిగిన పదార్థం ఒక్కటే, మన మెదడు. అక్కడ అనుభవం ఉంది. మిగతా పదార్థం లోపల కూడా అత్యల్పంగా అలాంటిదేదో ఉండవచ్చంటుంది సర్వచైతన్యవాదం.

అద్వైతం చెప్పేదీ ఇదేనా? కాదు. అద్వైతానికి చైతన్యమొక్కటే పరమసత్యం. సర్వచైతన్యవాదంలో పదార్థమూ నిజమే, అనుభవం దాని లోపలి ముఖం.

మరి రాయికి నొప్పి తెలుస్తుందా? తెలుస్తుందని ఈ వాదం చెప్పదు. ఇసుక రేణువులు పక్కపక్కన చేరినంత మాత్రాన కుప్పకు ఒక మనసు రాదు.

అలాగైతే మన మెదడులోని కణాలన్నీ కలిసి ఒక్క ‘నేను’ ఎలా అయ్యాయి? చిక్కంతా ఇక్కడే. పన్నెండు మాటల వాక్యాన్ని పన్నెండు మందికి తలా ఒక మాట చొప్పున పంచితే, పూర్తి వాక్యం ఎవరికీ తెలియదని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే హెచ్చరించాడు. నాడీశాస్త్రవేత్త జూలియో టొనోనీ 2004లో ఒక జవాబు ఇచ్చాడు: భాగాల సంఖ్య కాదు, అవి ఎంతగా ఒకటిగా అల్లుకున్నాయన్నదే ముఖ్యం. ఉదాహరణకు, మన నాడీకణాల్లో దాదాపు 80 శాతం చిన్నమెదడులోనే ఉన్నా, అది దెబ్బతింటే నడక తూలుతుంది గానీ స్పృహ పోదు. ఆయన సిద్ధాంతం మీద గట్టి వివాదమే ఉంది.

సర్వచైతన్యవాదం ఇంకా రుజువు కాలేదు. అయినా దాని పట్టుదల నాకు విలువైనదిగా తోస్తుంది. అయాన్ల సంగతి మనకు నిన్నమొన్న తెలిసింది, మంట మాత్రం మొదటి నుంచీ తెలుసు. ఆ మంటకు చోటులేని ప్రకృతి వర్ణన ఎంత కచ్చితమైనదైనా, అసంపూర్ణమే.