గాలిపటాన్ని వదిలే గొళ్లెం

సంక్రాంతికి మేడమీద పతంగి ఎగరేసే పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. గాలి ఉధృతమై దారం వేళ్లను కోస్తుంటే చేతిలోది వదిలేస్తాడు. పటం ఏ చెట్టుకో చిక్కుకుంటుంది, వేళ్లు దక్కుతాయి. అదే పటాన్ని 12 చదరపు మీటర్లకు పెంచి, 20 నుంచి 25 మీటర్ల పొడవున్న నాలుగు దారాలు కట్టి, వాటి కొసను మనిషి నడుముకు తగిలించి, కాళ్ల కింద ఓ పలక పెట్టి నీళ్ల మీదికి పంపితే దాని పేరు కైట్‌బోర్డింగ్. ఇక్కడ దారాన్ని పట్టుకున్నది నడుము. నడుముకు వేళ్లు లేవు, అది తనంతట తాను వదలలేదు. ఆ లోటు తీర్చడానికి పుట్టిన, గుప్పిట్లో ఇమిడే గొళ్లేన్నే క్విక్ రిలీజ్ అంటారు. ఈ ఆట చరిత్ర రాసేవాళ్లు పటాల గురించి పేజీలకు పేజీలు రాస్తారు, ఈ గొళ్లేనికి ఒక వాక్యం ఇస్తారు. మనుషుల ప్రాణాల వైపు నుంచి చూస్తే ఆ లెక్క తిరగబడాలి. పట్టు ఎంత గట్టిదన్నది కాక, ఎంత తేలిగ్గా వదులుతుందన్నదే ఈ యంత్రానికి అసలు పరీక్ష అని నా వాదన.

ముందు బలం సంగతి చూద్దాం. గాలి ఒత్తిడి వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు, ఒక చదరపు మీటరు మీద సుమారు 60 న్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. 12 చదరపు మీటర్ల పటం ఆ ఒత్తిడిని పూర్తిగా లాగుడుగా మార్చుకుంటుందనుకుంటే 720 న్యూటన్లు, అంటే దాదాపు 73 కిలోల బరువు. అది ఒక మనిషి బరువు, ఆటకు సరిపోయే బలం. అదే గాలి ఒక్క విసురులో సెకనుకు 15 మీటర్లయితే లాగుడు 165 కిలోలకు చేరుతుంది. గాలి ఒకటిన్నర రెట్లే పెరిగింది, లాగుడు రెండుంపావు రెట్లయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. పటం ఒకచోట నిలబడదు, ఆకాశంలో అడ్డంగా దూసుకుపోతుంది. ఆ పరుగులో దానికి తగిలే గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. అదుపు తప్పిన పటం గిరగిరా చుట్లు తిరుగుతూ మనిషిని ఈడ్చుకుపోవడానికి కారణం ఇదే. మామూలు గాలిలోనే ఆ చుట్టు 290 కిలోల లాగుడు ఇవ్వగలదు. ఇవి చేతి లెక్కలే, కచ్చితమైన కొలతలు కావు. అయినా కండబలంతో ఎదిరించే వ్యవహారం కాదని చెప్పడానికి ఇవి చాలు.

పటంతో ప్రయాణించాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జ్ పొకాక్ అనే బడిపంతులు పటాలు లాగే బండికి 1826లో పేటెంటు తీసుకున్నాడు. శామ్యూల్ కోడీ 1903లో పటం లాగే పడవతో ఇంగ్లిష్ చానల్ దాటాడు. ఇవన్నీ బండికో పడవకో కట్టిన పటాలు. మనిషి ఒంటికే కట్టాలంటే ముందు ఒక అడ్డంకి తీరాలి: పటం నీళ్లలో పడితే మళ్లీ ఎలా లేస్తుంది? ఫ్రాన్సులోని బ్రిటనీ తీరంలో పడవలు నడిపే అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగెన్యూలు దానికి జవాబు కనుక్కున్నారు. పటం ముందంచులో గాలి నింపిన గొట్టం పెడితే అది తేలుతుంది, ఆకారం చెడదు, దారం లాగితే నీళ్ల మీంచే లేస్తుంది. 1984లో పేటెంటు తీసుకున్నారు. అమెరికాలో బోయింగ్ ఇంజనీరు బిల్ రోజ్‌లర్, ఆయన కొడుకు కోరీ వేరే దారిలో ఇదే సమస్యతో కుస్తీ పట్టారు. 1997లో అన్నదమ్ముల పటం విపికా పేరుతో అంగడికెక్కాక ఆట లోకమంతా పాకింది. అంటే అప్పటిదాకా మేధస్సంతా పటాన్ని లేపడానికే ఖర్చయింది. దించడం గురించి, మరీ ముఖ్యంగా వదిలించుకోవడం గురించి ఆలోచన వెనకబడింది.

మొదటి పటాలకు రెండే దారాలు, ఒక అడ్డకర్ర. కర్రను వదిలేస్తే ఒక దారం మణికట్టుకు కట్టిన తాడు మీద మిగిలి, పటం చప్పబడి పడిపోయేది. చేతులు త్వరగా అలిసిపోయేవి కానీ వదలడం చేతిలో పనే. తర్వాత బార్ అనే నాలుగు దారాల అడ్డకర్ర వచ్చింది. ముందు దారాలు రెండూ మధ్యలో కలిసి ఒక రబ్బరు తొడుగు ఉన్న ఉచ్చులో ముగుస్తాయి. ఆ ఉచ్చును నడుముకు కట్టుకున్న హార్నెస్ కొక్కేనికి తగిలిస్తారు. లాగుడంతా నడుము మీదికి పోతుంది, చేతులకు పటాన్ని తిప్పే పని మాత్రమే మిగులుతుంది. బార్‌ను పైకి జరిపితే లాగుడు తగ్గుతుంది, దగ్గరికి లాక్కుంటే పెరుగుతుంది. హైదరాబాద్ పతంగుల వాళ్లు ఢీల్ ఇవ్వడం అంటారే, దానికి ఇది యంత్రరూపం అనుకోవచ్చు. గొప్ప సౌకర్యమే. కానీ ఈ సౌకర్యమే మనిషిని పటానికి బందీని చేసింది. 100 కిలోల లాగుడు మీదున్న ఉచ్చును కొక్కెం నుంచి తప్పించాలంటే ముందు ఆ 100 కిలోలను ఒక అంగుళం వెనక్కి లాగాలి. పటం ఈడ్చుకుపోతున్న మనిషికి అది సాధ్యం కాదు.

ఇది ఊహ కాదనడానికి సాక్ష్యముంది. జర్మన్ వైద్యులు 235 మంది కైట్‌సర్ఫర్లను ఆరు నెలలపాటు గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. నమోదైన గాయాలు 124, అందులో ఒక మరణం. వెయ్యి గంటల ఆటకు ఏడు గాయాల చొప్పున తేలింది. పాదం, చీలమండ గాయాలు ఎక్కువ, తర్వాత తల. నన్ను ఆపింది మరో అంకె: అదుపు తప్పిన సమయంలో పటాన్ని హార్నెస్ నుంచి విడదీయలేకపోవడమే 56 శాతం గాయాలకు కారణమని వాళ్లు రాశారు. సగానికి పైగా గాయాల వెనక ఉన్నది, వదలాల్సిన క్షణంలో వదలలేకపోవడం.

మరి వదిలే ఏర్పాటు పెడితే సరిపోతుంది కదా? పెట్టారు. అప్పుడు బయటపడింది అసలు శత్రువు, మనిషి చెయ్యి. మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అంటాం. భయం వేస్తే చెయ్యి చేసే మొదటి పని దొరికినదాన్ని పట్టుకోవడం, రెండో పని దగ్గరికి లాక్కోవడం. కైట్‌బోర్డింగ్‌లో చేతికి దొరికేది బార్. దాన్ని దగ్గరికి లాక్కుంటే పటం ఇంకా బలంగా లాగుతుంది. ప్రాణం కాపాడుకోవాలని చెయ్యి చేసే పనే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంత క్రూరమైన తిరకాసు ఉన్న ఆటవస్తువు మరొకటి నాకు తోచదు. ఈనాటి గొళ్లేలు చాలావరకు లాగితే కాక, ఒంటికి దూరంగా పైకి నెడితే తెరుచుకునేలా ఉండటం వెనక తర్కం ఇక్కడే ఉంది. బార్‌ను ఒంటివైపు లాక్కునే దిక్కులోనే గొళ్లేనికీ చెయ్యి కదలాల్సి ఉంటే, ఏది దేనికోసమో ఆ గందరగోళంలో తేల్చుకోలేం. నెట్టడం వేరే పని, పటం లాగే దిక్కుకు చేతిని పంపే పని.

ఆ గొళ్లేన్ని దగ్గరగా చూడాలి. ఉచ్చు ఒక కొస గొట్టంలాంటి భాగానికి స్థిరంగా ఉంటుంది. రెండో కొస ఒక చిన్న లోహపు పుల్ల మీద ఆగి ఉంటుంది. ఆ పుల్ల వంగిపోకుండా చుట్టూ ఒక తొడుగు కప్పి ఉంటుంది, చాలావాటికి ఎర్ర రంగులో. తొడుగును పైకి నెట్టగానే పుల్ల మడతపడుతుంది, ఉచ్చు కొస జారిపోతుంది. కిటుకంతా మీటలో ఉంది: మనిషిని లాగుతున్న బరువును పుల్ల, గొట్టం పంచుకుంటాయి, తొడుగు మీద పడేది అందులో చిన్న వంతు. 1970ల్లో పారాచూట్ల కోసం బిల్ బూత్ తయారుచేసిన మూడు ఉంగరాల విడుదలలో కూడా మూలసూత్రం ఇదే, పెద్ద బరువును చిన్న బలంతో ఆపి ఉంచడం. గొళ్లెం తెరుచుకున్నాక బార్ ఒకే ఒక్క ముందు దారం వెంట పైకి జారుతుంది. మిగతా దారాలన్నీ సడలి, పటం జెండాలా రెపరెపలాడి కూలుతుంది. ఆ ఒక్క దారం లీష్ అనే పొట్టి తాడుతో హార్నెస్‌కు ఇంకా కట్టే ఉంటుంది, కాబట్టి పటం కొట్టుకుపోయి ఒడ్డున ఉన్నవాళ్ల మీద పడదు. ఇంత జరిగినా లాగుడు ఆగకపోతే లీష్‌కూ ఇంకో గొళ్లెం ఉంది. అదే చివరిది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. 2005 ప్రాంతంలో బ్రూనో లెగెన్యూ రూపకల్పనతోనే బో కైట్లు వచ్చాయి. వెనకంచు లోపలికి వంగి, ముందంచుకు సూత్రం కట్టిన ఈ పటాలు బార్ వదలగానే దాదాపు పూర్తిగా చప్పబడతాయి. ఇక గొళ్లెం ఎందుకన్నది ప్రశ్న. బో కైట్లు ఆటను ఎంతో సురక్షితం చేశాయన్నది నిజమే, ఒప్పుకోవాలి. కానీ ఆ భద్రత నాలుగు దారాలూ వాటి వాటి పొడవులో ఉన్నంతవరకే. అలకు పటం బోర్లాపడి ఒక దారం రెక్క చుట్టూ చుట్టుకుంటే, లేదా బార్ కొసకు దారం మెలిపడితే, ఒక పక్క బిగిసి పటం చుట్లు తిరగడం మొదలవుతుంది. అప్పుడు బార్ వదిలినా ఆగదు. బార్ వదలడం పనిచేయని రోజు కోసమే గొళ్లెం ఉన్నది.

రెండో అభ్యంతరం చేయితిరిగిన ఆటగాళ్లది. గాలిలో ఉండగా బార్‌ను వీపు వెనక చేతులు మార్చే విన్యాసాలు చేసేవాళ్లు కొక్కెం తప్పించుకుని ఆడతారు. బార్ జారితే పటం కూలి ఆట ఆగిపోకుండా లీష్‌ను ఒక్క ముందు దారానికి కాక ఉచ్చుకే తగిలిస్తారు. అలా తగిలిస్తే బార్ పోయినా పటం బలంతోనే ఉంటుంది. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు సూయిసైడ్ లీష్. నైపుణ్యం ఉన్నవాళ్లకు అది అవసరమని వాదిస్తారు. నైపుణ్యం తప్పుల సంఖ్యను తగ్గిస్తుంది, తప్పు జరిగిన క్షణంలో గాలి బలాన్ని తగ్గించదు. పలకకు తాడు కట్టుకునే అలవాటు ఏమైందో చూడండి. పలక పోతుందని కాలికో నడుముకో కట్టుకునేవారు. మనిషి పడ్డాక తాడు సాగి, పలకను రబ్బరు బద్దలా వెనక్కి విసిరి తలకు కొట్టేది. చాలా శిక్షణ కేంద్రాలు ఆ తాడును మానిపించి, నీళ్లలో ఒంటిని లాగించుకుంటూ పలక దగ్గరికి చేరడం నేర్పుతున్నాయి. ఒంటికి కట్టిన ప్రతి తాడుకూ అది ఎలా విడిపోతుందో ముందే జవాబు ఉండాలి.

గొళ్లెం చేయలేని పని కూడా ఒకటుంది, దాని మీద మోజుతో దాన్ని దాచకూడదు. అది కాలాన్ని సృష్టించలేదు. ప్రమాదం గుర్తించడం, చెయ్యి వెతకడం, నెట్టడం కలిపి రెండు మూడు సెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకు 10 మీటర్ల వేగంతో పటం ఈడ్చుకుపోయే మనిషి ఆలోపు 20 నుంచి 30 మీటర్లు పోతాడు. 30 మీటర్లలోపు గోడ, రాయి, కరెంటు స్తంభం ఉంటే ఎంత మంచి గొళ్లెమైనా ఆలస్యమే. అందుకే పటం లేపడం, దించడం ఒడ్డు మీద అతి ప్రమాదకరమైన ఘట్టాలు. గాలి పోయే దిక్కున ఖాళీ స్థలం అంటే చేతిలో ఉన్న సెకన్లే. విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోటు ఊహించండి: పగటి సముద్రపు గాలి ఒడ్డు మీదికే వీస్తుంది, ఇసుక దాటగానే రోడ్డు, మేడలు. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలి గోడకు కొట్టదు కానీ తిరిగి రానివ్వదు. ఒడ్డుకు వారగా, కాస్త ఒడ్డు వైపు మొగ్గిన గాలి మేలంటారు. దూరాన నల్లమబ్బు గోడలా లేస్తుంటే పటం దించేయాలి, ఆ మబ్బు ముందు వచ్చే విసురు ఎవరినీ అడగదు.

2020లో ఈ గొళ్లేలకు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, ఐఎస్ఓ 21853. పటాన్ని వదిలే ఏర్పాటుకు భద్రతా నిబంధనలను, పరీక్షించే పద్ధతులను అది రాసిపెట్టింది. అయితే పరీక్ష నెగ్గిన గొళ్లెం కూడా పాతబడుతుంది. తీరంలో దానికి ఇసుక దిగుతుంది, ఉప్పు పేరుకుంటుంది, తొడుగు బిగుసుకుంటుంది. కాబట్టి ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, నీళ్లలోకి దిగేముందు బరువు వేసి ఒకసారి తెరిచి చూడాలి. తెరిచిన గొళ్లేన్ని అలల్లో మళ్లీ బిగించడం, బిగించలేకపోతే పటం జెండాలా వేలాడుతున్న ఆ ఒక్క దారాన్నే ముందు కొన్ని మీటర్లు బార్‌కు చుట్టుకుని, పటం మళ్లీ లేవకుండా చూసుకుని, తర్వాతే మిగతా దారాలు చుట్టడం అభ్యాసం కావాలి. దారాన్ని వేలికి మాత్రం చుట్టకూడదు, సడలిన దారం ఒక్క విసురుతో బిగుసుకుని వేలిని తెంపగలదు. కళ్లు మూసుకుని బార్ వదిలి, కుడిచేత్తో ఆ ఎర్ర తొడుగును తాకడం, మళ్లీ ఎడమచేత్తో తాకడం, ఇలా పొడినేల మీద పదిసార్లు చేయడానికి రెండు నిమిషాలు పట్టదు.