కంపవాతం – సంరక్షక భారం

మధ్యమస్తిష్కంలోని కృష్ణద్రవ్యమనే భాగంలో డోపమిన్‌ను ఉత్పత్తి చేసే నాడీకణాలు క్రమంగా నశించడం వలన కలిగే వ్యాధిని కంపవాతమంటారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని వర్ణించినందున ఆయన పేరే దీనికి స్థిరపడింది. వణుకు, మందచలనం, కండరాల బిగువు దీని చలన లక్షణాలు. నిద్రాభంగం, మలబద్ధకం, దిగులు, భ్రాంతులు చలనేతర లక్షణాలు. పరామర్శకు వచ్చినవారు వణుకును చూసి వెళ్తారు. ఇంటివారి రాత్రులను హరించేవి మాత్రం ఎక్కువగా రెండవ వర్గానికి చెందినవే.

రోగిని చూసుకునేవారిపై పడే ఈ సంరక్షక భారాన్ని 1966లో హోనిగ్, హామిల్టన్ అనే పరిశోధకులు రెండుగా విభజించారు. కాలవ్యయం, ధనవ్యయం, దేహశ్రమ వస్తుగత భారం. వాటి వలన మనసుకు కలిగే క్లేశం ఆత్మగత భారం. సంరక్షక భారాన్ని కొలిచే జారిట్ ప్రశ్నావళిలో నేడు 22 ప్రశ్నలున్నాయి, ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు అంకెలు. అయితే భర్తకు చేసే సేవను భారమని ఒప్పుకోవడానికి మన ఇళ్లలో ఏ ఇల్లాలికి నోరు వస్తుంది? అందువలన ప్రశ్నావళిలో తక్కువ అంకె వచ్చినంత మాత్రాన క్లేశం తక్కువని తీర్మానించరాదు.

ఈ క్లేశానికి ప్రధాన హేతువు అనిశ్చితి. ఈ వ్యాధికి వాడే లెవోడోపా అనే మందు ప్రభావం కొన్ని గంటలే నిలుస్తుంది. వ్యాధి ముదిరినకొద్దీ ఆ వ్యవధి కుంచించుకుపోతుంది. మాంసకృత్తుల నుండి వచ్చే అమైనో ఆమ్లాలు ప్రేగులలో ఈ మందుతో పోటీపడతాయి గనుక, పప్పన్నంతోనో చేపల కూరతోనో కలిపి వేసుకున్న మాత్ర కొందరికి సరిగా పనిచేయదు. పది గంటలకు వీధిలో నడిచిన మనిషి పన్నెండింటికి మంచం మీదినుండి లేవలేడు. “పొద్దున్న బాగానే తిరిగాడు గదా” అని ఇరుగుపొరుగు అనుమానిస్తే, ఆ మాట భార్యకు గుచ్చుకుంటుంది. ముఖకండరాలు బిగుసుకొనడం చేత రోగి ముఖంలో కృతజ్ఞత సైతం కనిపించదు. అది మనసులేనితనం కాదు, వ్యాధి లక్షణమే అని ఆమెకు ఎవరైనా చెప్పాలి. ఈ ఒక్క వివరణ వలన కలిగే ఊరట తక్కువది కాదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ భారానికి వలస తోడవుతుంది. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు పోతారు. మెట్టపల్లెల యువకులు విశాఖపట్నం, హైదరాబాదు నగరాలకు పోతారు. మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలో, పసిబిడ్డల తల్లియైన కోడలో ఒంటరిగా మిగిలి, రాత్రివేళ రోగిని పక్కకు తిప్పవలసివస్తుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో పార్కిన్సన్ వ్యాధి ఒకటి. అధిక ఆసరా అవసరమైనవారికి సంరక్షక భత్యాన్ని కూడా ఆ చట్టంలోని 24వ సెక్షన్ ప్రస్తావించింది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రానికి వెళ్లే కుటుంబాలలో ఈ రెండవ మాట తెలిసినవారు అరుదు.

ఇంటివద్ద చేయదగిన పని ఒక పట్టిక పెట్టుకోవడం. మాత్ర వేసిన వేళ, చోడి అంబలి త్రాగిన వేళ, అన్నం తిన్న వేళ, కదలిక నిలిచిన వేళ వ్రాసి ఉంచితే వైద్యుడు మోతాదుల ఎడమును దానిని బట్టి సవరించగలడు. అందులోనే మరొక గడి గీసి, సంరక్షకురాలు ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రించిందో కూడా వ్రాయించాలి.