బండి క్రింది గొట్టం

బేరిగై నుంచి బాగలూరు మీదుగా హోసూరుకు పోయే రోడ్డు ప్రక్కన తెల్లవారుజామున ఒక గంట నిలుచున్నవారికి మన ప్రాంతపు బ్రతుకుతెరువు యేమిటో వేరే చెప్పనక్కరలేదు. టమాటాలు, క్యాబేజీ, కొత్తిమీర, గులాబీలు అన్నీ పికప్ బండ్ల మీదనే పోతాయి. మా యిండ్ల ముందర యెద్దుల బండి నిలిచే చోట యిప్పుడు యీ చిన్న లారీ నిలుస్తున్నది. అశోక్ లేలండ్ వారి 'దోస్త్' 2011లో మన హోసూరు కర్మాగారం నుంచే మొదట బయటికి వచ్చింది గనుక, యీ రకపు బండితో మనకు చుట్టరికం కూడా వున్నదనుకోవచ్చు. అయినా ఆ బండి క్రింద గేరుపెట్టె నుంచి వెనుక యిరుసు దాకా పోయే గొట్టాన్ని గురించి మనలో యెందరు ఆలోచించారు? మొన్న వానకాలం దాకా నేనూ ఆలోచించలేదు.

ఆ రోజు మా మేనల్లుడు తోటలో టమాటా క్రేట్లు నింపుకొని బయలుదేరాడు. బండి యే కంపెనీదో యిక్కడ అనవసరం. తోటనుంచి రోడ్డుకు వచ్చే బాటలో ఒక పల్లం, ఆ వెంటనే చిన్న యెక్కుడు. రాత్రి వాన పడి పల్లమంతా బురద. వెనుక చక్రాలు తిరిగాయే గాని బండి కదలలేదు. ముగ్గురు కూలీలు వెనుకనుంచి తోశారు. మావాడు ఇంజనును గట్టిగా రేపి, క్లచ్చి మీది కాలును ఒక్కసారిగా తీశాడు. చక్రాలు బురదను చిమ్ముకొని బండరాతి మీదికి యెక్కి పట్టు దొరికిన క్షణంలోనే తుపాకి పేలినట్లు చప్పుడైంది. ఇంజను తిరుగుతూనే వున్నది, బండి మాత్రం వెనక్కి జారసాగింది. గేరులో వున్నది గదా, నిలుస్తుందిలే అనుకోవడానికి లేదు; ఇంజనుకూ చక్రాలకూ వున్న సంబంధమే తెగిపోయింది. మావాడు బ్రేకు తొక్కేలోగా బండి రెండు గజాలు వెనక్కి వచ్చేసింది. తోస్తున్నవారిలో ఇద్దరు ప్రక్కకు దూకారు. మూడవవాడు కాలు జారి పడ్డాడు. చక్రం అతని మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

ఆ జానెడు దూరాన్ని తలచుకొనే నేను యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను, ఆఫీసులో ఫైళ్లు కట్టే గుమాస్తాను. కాని ఆ తరువాత మేస్త్రీని అడిగీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకున్నది మన కుటుంబాలలో బండి వున్నవారికి పనికివస్తుందని నా నమ్మకం.

ఆ గొట్టాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. యెద్దుల బండి యిరుసు బరువును మోస్తుంది గాని తాను తిరగదు. దానిని విరిచేది వంపు. యీ షాఫ్టు బరువు మోయదు, తిరగడమే దాని పని. దానిని విరిచేది మెలి. తడి దుప్పటిని ఇద్దరు చెరొక కొసా పట్టుకొని పిండుతారే, అదే యిది. ఒక కొస ఇంజను చేతిలో, రెండవ కొస చక్రాల చేతిలో.

ఆ మెలి యెంత? మన పికప్ ఇంజను సుమారు 200 న్యూటన్ మీటర్ల బలం యిస్తుందనుకుందాం. అనగా మీటరు పొడవు కర్ర చివర 20 కిలోల మూట వ్రేలాడదీస్తే వచ్చే మెలి. మొదటి గేరు దానిని యించుమించు నాలుగింతలు చేస్తుంది. కాబట్టి షాఫ్టు మీదికి వచ్చేది 80 కిలోల మూట. పై గేర్లలో యీ బరువు తగ్గిపోతుంది. షాఫ్టులు పెద్ద రోడ్డు మీద పరుగులో కాక, పల్లాలలోనూ యెక్కుడులలోనూ మొదటి గేరులో విరగడానికి కారణం యిదే.

మావాడికి మొదట తోచినది వేరు. "మామా, గొట్టం లోపల అంతా డొల్ల. గట్టి కడ్డీ వేసి వుంటే విరిగేదా?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. కాని లెక్క వేసి చూస్తే విషయం తారుమారు. మెలి పెట్టినప్పుడు బలమంతా పై పొర మీదనే పడుతుంది, నడుమ వున్న లోహానికి పెద్దగా పని వుండదు. 75 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం వున్న గొట్టాన్ని కరిగించి అంతే పొడవు కడ్డీగా పోస్తే దాని వెడల్పు 24 మిల్లీమీటర్లకు మించదు. ఆ కడ్డీ కంటె ఆ గొట్టం దాదాపు ఆరు రెట్లు మెలికి ఓర్చుకుంటుంది. వెదురుకు తెలిసిన సంగతే గదా! కాకపోతే గొట్టానికి ఒక బలహీనత వున్నది. రాయి తగిలి సొట్ట పడితే, ఆ సొట్ట దగ్గరే అది నలిగి పిండిన గుడ్డలాగా ముడుచుకుపోతుంది. బండి క్రింద సొట్ట కనిపిస్తే తేలికగా తీసుకోరాదు.

మా బండిలో గొట్టం విరగలేదు. గొట్టం చివర వుండే క్రాసు విరిగింది. వెనుక యిరుసు గతుకులలో పైకీ క్రిందికీ ఆడుతూ వుంటుంది గనుక షాఫ్టు వంగుతూ తిరగాలి. అందుకు కూడిక గుర్తు ఆకారంలో నాలుగు చేతులున్న ఉక్కుముక్క, ఒక్కొక్క చేతికి సూదులవంటి సన్నని కడ్డీల బేరింగు. యీ కీలు ఆలోచన చాలా పాతది. పదహారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు దానికి పెట్టారు, 1670 ప్రాంతంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ దానిని వాడుకలోకి తెచ్చాడు. మోటారు బండికి తగినట్లు చేసి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికాలోని క్లారెన్స్ స్పైసర్. అంతకుముందు చాలా కార్లు సైకిలువలె గొలుసుతోనే నడిచేవి.

మేస్త్రీ ఆ విరిగిన క్రాసును మావాడి అరచేతిలో పెట్టాడు. విరిగిన ముఖంలో సగం తళతళలాడుతున్నది, మిగిలిన సగం నల్లబడి, చెట్టు మొద్దులో కనిపించే వలయాలవంటి గీతలతో వున్నది. తళతళలాడేది ఆనాడు విరిగినది. నల్లనిది యెన్నాళ్ల క్రిందటనో మొదలైన పగులు. చేతి చుట్టూ యెర్రని తుప్పుపొడి, గ్రీజు జాడే లేదు. "గేరు మార్చినప్పుడల్లా టక్కుమనలేదా?" అని అడిగాడు. మావాడు తల వంచుకున్నాడు. నెల రోజులుగా టక్కుమంటూనే వున్నదట!

పగులు లేని షాఫ్టు కూడా దెబ్బకు విరుగుతుంది, ఆ పద్ధతి వేరు. బడిలో సుద్దముక్కను రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, ఏటవాలుగా సుడి తిరిగి విరుగుతుంది. పెళుసు లోహమూ అంతే. మెత్తని ఉక్కు మాత్రం కత్తితో కోసినట్లు అడ్డంగా తెగుతుంది. క్లచ్చిని ఒక్కసారిగా వదిలితే, జోరుగా తిరుగుతున్న ఇంజను చక్రంలో నిలవవున్న వేగమంతా ఒక్క దెబ్బగా షాఫ్టు మీద పడుతుంది. ఆ దెబ్బ ఇంజను మామూలుగా యిచ్చే బలాన్ని దాటిపోతుంది. ఖాళీ బండి అయితే చక్రం జారి షాఫ్టును కాపాడుతుంది. నిండు బండి చక్రం జారదు. బురదలో జారినా, బండ మీద పట్టుకుంటుంది. మాకు జరిగింది సరిగా అదే.

ఇక ట్యూనింగు సంగతి. మావాడు ఫోనులో అమెరికా పికప్ బండ్లను చూస్తూ వుంటాడు. అక్కడ 2021 నాటి రామ్ టి.ఆర్.ఎక్స్. బండి 702 గుర్రాల శక్తి, 881 న్యూటన్ మీటర్ల మెలి గలది. అనగా మన కర్ర చివర ఇంజను దగ్గరనే 90 కిలోల మూట! అలాంటి బండ్లను యింకా పెంచుకొని పందేలు ఆడేవారు లావుపాటి ఉక్కు గొట్టాలూ, అల్యూమినియం గొట్టాలూ, కార్బన్ నారతో చేసినవీ వేయించుకుంటారు. అప్పుడేమవుతుంది? షాఫ్టు నిలుస్తుంది, క్రాసు పోతుంది. క్రాసు లావు చేస్తే వెనుక పళ్లచక్రమో, యిరుసు కడ్డీయో పోతుంది. విరుపు జరుగుతుందే గాని పోదు. షాఫ్టు ముందుకొస విరిగి రోడ్డులో గుచ్చుకుంటే బండినే యెత్తి పడవేస్తుంది గనుక, వేగం మించిన పందెపు బండ్లకు షాఫ్టు చుట్టూ ఇనుప వలయం వుండాలని అక్కడి నియమం. మన బస్సుల క్రింద కూడా అటువంటి పట్టీ కనిపిస్తుంది. టమాటా బండికి కంప్యూటరు ట్యూనింగు చేయిస్తే పెరిగే బలమంతా గేరుపెట్టె దాటి వచ్చి యీ క్రాసు మీదనే పడుతుందని మేస్త్రీ చెప్పినప్పుడు మావాడు మారు మాటాడలేదు.

మేస్త్రీ మరొక సంగతి పట్టుకున్నాడు. యెక్కువ బరువు వేయడానికని మావాడు వెనుక స్ప్రింగులో రెండు పట్టాలు అదనంగా వేయించాడు. దానితో యిరుసు వాలు మారి, రెండు చివరల క్రాసులు ఒకే కోణంలో వంగడం మానేశాయి. ఒక్క కీలు వంగి తిరిగితే అవతలి వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. రెండవ కీలు ఆ తప్పును దిద్దుతుంది. అది రెండు కోణాలూ సమంగా వుండి, రెండు చివరల చెవులూ ఒకే వరుసలో వుంటేనే. అందుకే షాఫ్టు విప్పేముందు సుద్దతో గీత గీసుకొని, తిరిగి ఆ గీతకే కలపాలి. ఒక్క పల్లు తేడాగా బిగించినా బండి వణుకుతుంది, వణుకు బేరింగును తింటుంది.

ఆనాటి టమాటాలను ప్రక్కయింటివారి బండిలోకి మార్చేసరికి ప్రొద్దెక్కింది, ధర దిగింది. ట్యూనింగుకు దాచిన డబ్బు క్రాసులకూ, నడిమి బేరింగుకూ, అదనపు పట్టాలు తీయించడానికీ పోయింది. పడిన కూలీకి మోకాలు గీరుకోవడం తప్ప యేమీ కాలేదు, మరుసటివారం పనికి వచ్చాడు. యిప్పుడు యెక్కుడులో బండి నిలిస్తే మావాడు ముందుగా చక్రం వెనుక రాయి పెట్టించి, వెనుకవాళ్లను ప్రక్కకు తప్పించి, తరువాతనే క్లచ్చిని మెల్లగా వదులుతున్నాడు. నెలకొక ఆదివారం బండి క్రింద గోనెసంచి పరచుకొని, క్రాసు నాలుగు కొసలా గ్రీజు పొంగి కనిపించేదాకా తుపాకి నొక్కుతాడు. మా అక్క మాత్రం ఆ గోనెసంచిని యింట్లోకి తేవద్దని రోజూ పోట్లాడుతున్నది.