అమ్మమ్మగారి ఊరికి కారులో

సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలని ఏ పిల్లలకు ఉండదు? కాని పండగ దగ్గిరపడేసరికి రైళ్ళలో చోటు దొరకదు, బస్సుల్లోనూ దొరకదు. "కారులో పోదామంటే ఖర్చు ఎక్కువ. ఈ ఏడు మానేద్దాం," అంటాడు నాన్న. అక్కడ అమ్మమ్మ అరిసెలు చేసిపెట్టుకుని వీధి గుమ్మం వంక చూస్తూ ఉంటుంది. ఇలాటప్పుడు ఏం చెయ్యాలి? కాగితమూ, పెన్సిలూ తీసుకుని లెక్క వెయ్యాలి!

హైదరాబాదులో గోలకొండ కోటకు కొద్ది దూరాన మాదాపూరు ఉన్నది. ఒకప్పుడు అక్కడ రాళ్ళగుట్టలే ఎక్కువ. 1998లో అక్కడ సైబర్ టవర్స్ అనే భవనాన్ని ప్రారంభించారు. ఆ తరవాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతాలన్నీ మేడలతో నిండిపోయాయి. అక్కడి కంపెనీలలో పనిచేసేవారిలో కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. అందుచేత పండగ ముందు కార్లన్నీ ఒక్కసారే విజయవాడ దారి పడతాయి.

ఈ దారి నిన్న మొన్నటిది కాదు. 17వ శతాబ్దంలోనే గోలకొండకూ మచిలీపట్నం రేవుకూ మధ్య బాట ఉండేది. టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు, 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఆ దారిని గురించి రాశాడు. ఆ రోజుల్లో సరుకులు ఎద్దుల మీద పోయేవి. ఎద్దుకు గడ్డి ఎంత కావాలో, బరువు ఎంత వెయ్యవచ్చో బేహారులు ముందే చూసుకునేవారు. మన కారు పెట్రోలు తాగుతుంది. అంతే భేదం!

హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. పోయి రావటానికి 540. కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడిస్తే 36 లీటర్లు కావాలి. అదే కారు 18 కిలోమీటర్లు నడిస్తే 30 లీటర్లు చాలు. లీటరు 100 రూపాయలనుకుంటే 600 రూపాయలు మిగిలాయన్న మాట! మరి కారు చేత ఆ మూడు కిలోమీటర్లు ఎక్కువ నడిపించటం ఎలా?

ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాళ్ళకు ఒక సంగతి తెలుసు: ఎంత జోరుగా తొక్కితే గాలి అంత గట్టిగా వెనక్కు నెడుతుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 100 అందుకుంటే, గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. దాన్ని తోసుకుపోవటానికి ఇంజను మరింత పెట్రోలు కాలుస్తుంది. ఇంతా చేసి 270 కిలోమీటర్లలో కలిసివచ్చే కాలం 40 నిమిషాలే! కారు నెత్తిన సామాను కట్టినా గాలి అడ్డు పెరుగుతుంది. అందుచేత సామాను తగ్గించి, లోపలే సర్దుకోవాలి.

రెండోది టైర్లు. గాలి తగ్గిన టైరు నేలకు ఎక్కువగా అణిగి, బరువుగా దొర్లుతుంది. టైరులో ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గిర చీటీమీద అచ్చువేసి ఉంటుంది. కారు నడవక ముందు, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూపించాలి.

మూడోది టోల్‌గేట్లు. ఈ దారిలో పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు మొదలైనవి ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసినప్పుడు, అది లేని బండికి రుసుము రెట్టింపు చేశారు. కనుక బయలుదేరే ముందే ఫాస్టాగ్‌లో డబ్బు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. 2025 ఆగస్టు 15న జాతీయ రహదారుల మీద సొంత కార్లకు ఏడాది పాసు వచ్చింది. అప్పుడు దాని ఖరీదు 3,000 రూపాయలు. ఏడాదిలో 200 సార్లు గేట్లు దాటవచ్చు. అది అందరికీ లాభమా? గేటుకు 100 రూపాయలనుకోండి. 30 గేట్లు దాటితేగాని పాసు డబ్బు రాదు. అంటే విజయవాడకు పలుమార్లు పోయి రావాలి! ఏడాదికి ఒక్క పండక్కే పోయేవారికి పాసు దండగే.

పండగనాడు గేటు దగ్గిర కార్లు బారులు తీరుతాయి. ఇంజను ఆడుతూ కారు కదలకపోతే, పెట్రోలు ఖర్చవుతుందిగాని ఒక్క గజం దారి కూడా తరగదు. సెలవు దొరికితే ఒకరోజు ముందు, తెల్లవారుజామున బయలుదేరటం మేలు.

నాలుగోది తిండి. పులిహోర, పెరుగన్నం, జంతికలు, కూజాలో నీళ్ళు మూటకట్టుకుంటే హోటలు ఖర్చు చాలావరకు తప్పుతుంది. మన పెద్దలు చద్దిమూట లేకుండా పొలిమేర దాటేవారు కారు!

అయితే కొన్ని పొదుపులు పొదుపులు కావు. పల్లంలో పెట్రోలు మిగులుతుందని కొందరు గేరు తీసేసి కారును జారవిడుస్తారు. అప్పుడు ఇంజను కారును నిలవరించదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అది ప్రమాదం. అరిగిన టైర్లతో ఈ ఏడు గడిపేద్దామనుకోవటమూ, అయిదుగురు పట్టే కారులో ఏడుగురు ఎక్కటమూ, గది అద్దె కలిసివస్తుందని నిద్రమత్తులో రాత్రంతా నడపటమూ అలాటివే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు పెట్టకపోతే 1,000 రూపాయలు జరిమానా విధించింది. జరిమానా మాట అటుంచి, ప్రాణం ఏ లెక్కలోకి వస్తుంది?

పిల్లలూ, ఈసారి ప్రయాణంలో లెక్కల పుస్తకం మీ చేతికి తీసుకోండి. బయలుదేరేటప్పుడు కిలోమీటర్ల అంకె, పోయించిన లీటర్లు, గేటు డబ్బులు రాయండి. తిరిగి వచ్చాక కూడి, కారులో ఉన్నవారి సంఖ్యతో భాగించి, బస్సు టిక్కెట్టుతో పోల్చండి. ఇద్దరే ఉన్న ఇంట్లో బస్సే చవక కావచ్చు. అయిదుగురున్న ఇంట్లో కారే గెలవవచ్చు. ఏది గెలిచినా, వచ్చే సంక్రాంతికి నాన్న "మానేద్దాం" అనబోతే మీ పుస్తకం తెరిచి చూపండి. మిగిలిన డబ్బుతో అమ్మమ్మకు ఒక మంచి శాలువా కొనుక్కుపోవచ్చు కూడా!